గేటన్న కొలతలు

మూడో గుండీ పెట్టుకోవాలా వదిలేయాలా అన్న దగ్గర ఆమె అద్దం ముందు ఆగిపోయింది. ఇటుక రంగు చొక్కా, చేతులు రెండు మడతలు, ముదురు నీలం పొడుగు స్కర్టు, మెడలో సన్నటి స్కార్ఫు. గుండీ పెట్టి చూసింది. తీసి చూసింది. గోడ గడియారంలో ఆరు కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది.

"ఎవరిదే పెళ్ళి?" అంది మంచం మీంచి అత్తగారు.

"ఎవరిదీ కాదత్తయ్యా. డ్యూటీకి."

"డ్యూటీకే ఇంత ముస్తాబైతే పెళ్ళికేం మిగుల్చుకుంటావే?"

తొమ్మిదేళ్ళుగా రోజూ ఇదే మాట. ఒకరోజు ఈ మాట వినపడకపోతే ముసలావిడకు జ్వరమేమోనని నుదురు పట్టి చూడాల్సిందే. ఎగతాళి చేయడం అయ్యాక అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని కోడల్ని తేరిపార చూసి, "ఆ గుండీ పెట్టుకో. స్కార్ఫు పక్కకి జారకుండా ఉంటుంది," అంది. పెట్టుకుంటే నిజంగానే స్కార్ఫు కుదురుకుంది. ఆవిడ ఏనాడూ ఒక్క గుడ్డయినా కుట్టి ఎరగదు, కానీ కన్ను మాత్రం గట్టిది.

బల్ల మీద కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుంటూ ఆమె రెండుసార్లు తడిమి చూసుకుంది.

"ఇవాళేనా అతను వెళ్ళేది?"

"ఇవాళే. రెండింటికి డ్యూటీ దిగుతాడు. మూడింటికి బస్సు."

"మర్చిపోకుండా ఇవ్వు. నేనడిగానని చెప్పు," అంది అత్తగారు. ఆ వెంటనే అటు తిరిగి పడుకుంది.

ఆమె పనిచేసేది ఆస్పత్రి లాండ్రీలో. ఇరవై రెండేళ్ళయింది చేరి. అక్కడ అందరికీ ఒకటే బట్ట, బూడిద రంగు పొడుగు గౌను, జుట్టు మీద టోపీ. ఇంట్లో వంటకీ చాకిరీకీ వెలిసిపోయిన నైటీ. ఇంటి గడప నుంచి ఆస్పత్రి గేటు దాకా ఇరవై నిమిషాల నడక. రోజు మొత్తంలో ఆమె తనకు నచ్చినట్టు కనిపించేది ఆ ఇరవై నిమిషాలూ, తిరిగొచ్చేటప్పుడు ఇంకో ఇరవై. వేరే ఎవరైనా అయితే అంతసేపటికి ఈ తిప్పలు ఎందుకని గౌనులోనే వచ్చేసేవారు. ఆమె మాత్రం ఆ కాసేపటి కోసం ముందురోజే ఆలోచించి పెట్టుకునేది. నడకనే పేరుగా పెట్టి ఫోనులో ఒక బ్లాగు రాసేది. 'ఇరవై నిమిషాలు'. రోజుకొక ఫోటో, కింద నాలుగు ముక్కలు. ఈ కాలరు ఎలా తిప్పి కుట్టానో, ఈ చిరుగు మీద జేబు ఎలా వేశానో, అంతే. చదివేవాళ్ళు వెయ్యిమంది పైనే ఉన్నారు. ఒకసారి ఎవరో దుకాణం వాళ్ళు మా బట్టలు పంపిస్తాం, వేసుకుని ఫోటో పెట్టండి అని రాశారు. వద్దని మర్యాదగా చెప్పింది. వాళ్ళ బట్టలేసుకుని నడిస్తే నా నడక నాకే కొత్తగా ఉంటుంది, చెప్పులు కరిచినట్టు, అని తోటిపనివాళ్ళతో అంది.

లాండ్రీలో ఆమెను షోకులక్క అనేవారు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు. పోనుపోను అది పేరైపోయింది, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు అసలు పేరు వేరే ఉందని తెలిసి ఆశ్చర్యపోతుంటారు.

గేటు దగ్గర, అందరూ గేటన్న అని పిలిచే కాపలా మనిషి అప్పటికే బయట నిలబడి ఉన్నాడు. ఖాకీ యూనిఫాం, బిగించి కట్టిన బెల్టు, పైన ఎండయినా చలయినా విప్పని కోటు. ఆమె ఫోను అందించింది. ఆయన జేబురుమాలుతో అద్దం తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూశాడు.

"ఇంకొంచెం గోడవైపు, చెల్లెమ్మా. ఆఁ. గడ్డం దించకు. ఊపిరి పీల్చి వదిలెయ్యి."

ఊపిరి వదిలిన క్షణంలోనే ఆయన నొక్కుతాడు. ఊపిరి బిగబట్టినవాళ్ళ ఫోటోలు బొమ్మల్లా ఉంటాయని ఆయన సిద్ధాంతం. ఫోటోలన్నీ మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. ఇన్నేళ్ళలో ఒక్కదాంట్లోనూ ఆమె పాదాలు పడలేదు. చెప్పులు చూపించండి, చెప్పులు చూపించండి అని చదివేవాళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. మూడో ఏట ఆమె అడిగేసింది. గేటుకు రాకముందు ఆయన పదకొండేళ్ళు అదే ఆస్పత్రి శవాల గదిలో పనిచేశాడట. అక్కడ ఫోటో అంటే కాళ్ళతోనే మొదలు, బొటనవేలికి కట్టిన చీటీ కనపడాలి కదా. "కాళ్ళు మాత్రం తీయమని అడక్కమ్మా," అన్నాడు. ఆమె మరి అడగలేదు. 'చెప్పులు నల్లవి, పాతవి, నా మాట నమ్మండి' అని బ్లాగులో రాసి ఊరుకుంది.

ఇవాళ ఫోటో అయ్యాక ఆయన ఫోను వెంటనే ఇవ్వలేదు. తీసినదాన్ని కాసేపు చూశాడు.

"బాగొచ్చింది," అన్నాడు.

"అన్నయ్యా, ఇది మీకు." ఆమె పొట్లం తీసి ఇచ్చింది. "మా అత్తయ్య కూడా అడిగానని చెప్పమంది. మధ్యాహ్నం బస్సుకి ఇది వేసుకునే వెళ్ళాలి."

"నాకా?"

"మీకే."

"నాకెందుకమ్మా ఇప్పుడు," అంటూ ఆయన పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు క్యాబిన్ వైపు చూశాడు. ఆరున్నర బెల్లు మోగింది. ఆమె పరుగెత్తింది.

ఆ పొట్లంలో ఉన్నది ఒక చొక్కా. ఆ చొక్కా సంగతి తెలియాలంటే పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. లారీ నడిపే ఆమె భర్త ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఛాతీ పట్టుకుని కూర్చుని మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆమె ఏం కట్టుకుందో, ఏం తిన్నదో ఆమెకే గుర్తులేదు. చేతికి ఏది తగిలితే అది వేసుకుని తల వంచుకుని పనికి వచ్చేది. బీరువాలో అతని చొక్కాలు పద్నాలుగు అలాగే ఉండేవి. ఒకరోజు అత్తగారే వాటిని మంచం మీద కుప్పపోసి, "ఎవరికో ఇచ్చేస్తే మళ్ళీ మన కళ్ళబడవు. కోసుకుని నువ్వే వేసుకోవే," అంది. కొడుకు చొక్కాకు కత్తెర పెట్టమనడానికి ఆ తల్లికి ఎంత గుండె కావాలో ఆమెకు అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టింది.

మొదట నీలం గళ్ళ చొక్కా కోసింది. భుజాలు తగ్గించి, నడుం దగ్గర పట్టి వేసి, వేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర కొత్తగా వచ్చిన కాపలా మనిషి ఆపాడు. సంచి చూపించమంటాడేమో అనుకుంది. ఆయన మొహమాటపడుతూ, "చొక్కా బాగుందమ్మా. నీకోసమే పుట్టినట్టుంది," అన్నాడు. రెండేళ్ళ తర్వాత తన వైపు చూసి ఒక మనిషి అన్న మొదటి మాట. ఆమె అక్కడే భోరుమంది. పాపం, ఆ మనిషికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఏడవకమ్మా, ఫోనివ్వు, ఫోటో తీస్తాను, ఇంటికెళ్ళి నువ్వే చూసుకో," అన్నాడు. ఆ ఫోటోనే తోటిపనావిడ ఫోనులో ఎక్కించి బ్లాగు పెట్టించింది. అక్కణ్ణుంచి ఇంతదూరం వచ్చింది.

పద్నాలుగు చొక్కాలూ ఏళ్ళ క్రితమే అయిపోయాయి. మిగిలింది భర్త కొనుక్కుని కుట్టించుకోకుండానే పోయిన షర్టు పీసు ఒక్కటే, లేతాకుపచ్చది, పట్టుకుంటే చల్లగా ఉంటుంది. గేటన్న ఉద్యోగం వదిలి తమ్ముడి ఊరికి వెళ్ళిపోతున్నాడని తెలిసిన రోజే ఆమె దాన్ని బయటికి తీసింది. ఆయనకు ఇంతకాలం సరిగ్గా థాంక్సు కూడా చెప్పలేదు. బ్లాగులో మీ ఫోటో ఒకటి పెడతానంటే, ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండకూడదమ్మా అని నవ్వేసేవాడు. పేరు రాస్తానన్నా వద్దన్నాడు. ఆయన బస్సెక్కేలోపు ఆ ఋణం కొంతైనా తీరాలన్నది ఆమె పట్టుదల.

లాండ్రీలో రోలరు యంత్రం పెద్ద గదంత పొడుగుంటుంది. అటునుంచి ఇద్దరు తడి దుప్పటి అందిస్తే ఇటునుంచి ఇద్దరు వేడిగా అందుకుని మడతపెట్టాలి. ఆమెకు జోడీ మడతల వదిన. ఎవరికీ వదిన కాదు, అందరూ అలా పిలుస్తారు. దుప్పటి మూలలు కలిసినప్పుడల్లా ఇద్దరూ ఒక అడుగు దగ్గరికొచ్చి ఒక మాట చెప్పుకుని మళ్ళీ దూరం జరుగుతారు. వాళ్ళ స్నేహమంతా అలా ముక్కలు ముక్కలుగా జరిగిందే.

"ఇచ్చావా?"

"ఇచ్చా."

"వేసుకున్నాడా?"

"సిగ్గుపడుతున్నాడు."

పది గంటల టీ వేళకి వెనక తలుపు దగ్గర అలికిడయింది. గేటన్న వచ్చాడు. కోటు లేదు, బెల్టు లేదు. ఒంటి మీద ఆకుపచ్చ చొక్కా. టీ గ్లాసు చేతిలో పట్టుకుని చూసిన ఆమెకు తల కొట్టేసినట్టయింది. భుజం కుట్లు మోచేతుల దారి పట్టాయి. చేతుల చివర్లోంచి వేళ్ళ కొసలు మాత్రం కనపడుతున్నాయి. కాలరులో మెడ ఎటు తిరిగినా అందేలా లేదు.

"చాలా బాగుందమ్మా," అన్నాడాయన నిజాయితీగా. "గాలి కూడా ఆడుతోంది."

"గాలేం ఖర్మ అన్నా, లోపల ఇంకో మనిషి కూడా ఆడొచ్చు," అంది మడతల వదిన. గది గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు.

ఆమె నవ్వలేకపోయింది. కాపలావాళ్ళ యూనిఫాంలు ఉతకడానికి ఈ లాండ్రీకే వస్తాయి. ఈ చొక్కా కుట్టేముందు, కాలరు వెనక నంబరు చూసి గేటన్న చొక్కా పక్కకి తీసి, టేపు పెట్టి, ఛాతీ, భుజం, చెయ్యి అన్నీ రాసుకుంది. ఆయనకు తెలియకుండా కుట్టాలని ముచ్చట. ఆ యూనిఫామే ఆయనకు రెండు సైజులు పెద్దదని ఆమెకు ఎలా తోచలేదు? తోచకపోవడానికి కారణం ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళూ ఆయన ఆమెను చూశాడు, ఆమె ఫోను అద్దాన్ని చూసింది. ఫోను వెనకున్న మనిషి ఎంత సన్నగా ఉన్నాడో, బెల్టు కింద ఎన్ని మడతలు దాచుకున్నాడో ఒక్కనాడూ చూడలేదు. బట్ట మీద ఇన్ని కబుర్లు రాసే తను!

"విప్పండన్నయ్యా," అంది. "తగ్గిస్తాను."

"వద్దమ్మా, ఇలాగే బాగుంది."

"విప్పుతారా, ఇక్కడే కత్తిరించమంటారా?"

కుట్టుగది తాళం సూపర్‌వైజరమ్మ దగ్గర ఉంటుంది. ఆవిడ నిబంధనల మనిషి. ఆ మిషన్ల మీద ఆస్పత్రి బట్ట తప్ప సొంతగుడ్డ పెట్టకూడదు, పెట్టినవాళ్ళను ఆవిడ ఇదివరకు నిలబెట్టి కడిగేసింది కూడా. ఆమె వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సూపర్‌వైజరమ్మ లేచి వచ్చి, గేటన్నను కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా చూసింది.

"తొమ్మిదేళ్ళు ఈ మనిషికి తప్పుసైజు ఇచ్చింది ఎవరు? ఆస్పత్రే కదా," అంది. "అయితే ఇది ఆస్పత్రి పనే." తాళంచెవి ఇచ్చి, "భోజనం టైములో. ఒంటిగంటకి నాకు రోలరు దగ్గర మనుషులుండాలి," అని వెళ్ళిపోయింది.

పన్నెండున్నరకి ఆయన కుట్టుగది మధ్యలో చొక్కాతో నిలబడ్డాడు, చేతులు కొద్దిగా ఎడంగా పెట్టుకుని. ఆమె నోట్లో గుండుసూదులు, చేతిలో సుద్దముక్క. మడతల వదిన తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఇద్దరి డబ్బాలూ తనే తెరిచి, తనే తింటోంది.

"ఇన్నేళ్ళు చెప్పలేదేం అన్నయ్యా, యూనిఫాం వదులని?"

"ఇచ్చినప్పుడు వదులుగానే ఉంది. ఒళ్ళు చేస్తానులే అనుకున్నా." ఆయన తన సన్నటి చేతుల వైపు చూసుకుని, "చెయ్యలేదు," అన్నాడు.

ఆమె పక్కకుట్టు పట్టుకుని లోపలికి లాగి సూది గుచ్చి సుద్ద గీసింది. రెండంగుళాలు. అటువైపూ రెండంగుళాలు. వేళ్ళకి పక్కటెముకలు తగిలాయి. భుజం దగ్గర ఎముక చివర ఎక్కడుందో వెతికి సుద్దతో గీత పెట్టింది. భుజం లోపలికి జరిగితే చెయ్యి దానంతటదే పైకొస్తుంది, కాబట్టి చేతుల పొడుగు ముట్టుకోనక్కర్లేదు.

"అన్నయ్యా," అంది, సూదులు నోట్లోంచి తీసేసి. "ఆ రోజు మీరు ఆ మాట అనకపోతే నేను ఇంకా అలాగే తల వంచుకుని నడుస్తుండేదాన్ని. ఇన్నేళ్ళూ మీరు పెట్టిన భిక్షే ఇది. చెప్పడం రాక చెప్పలేదు."

ఆయన గోడవైపు చూస్తూ ఉన్నాడు. ఆ గోడకే చెబుతున్నట్టు అన్నాడు.

"పదకొండేళ్ళు ఆ గదిలో బట్టలు తీసి మూటకట్టి వాళ్ళవాళ్ళ చేతికి ఇవ్వడమే నా పని. చొక్కా అంటే నాకు మూటే. గేటుకి వచ్చిన వారంలో నువ్వు నీలం గళ్ళ చొక్కాతో నడుచుకుంటూ వచ్చావు. బట్టలో మనిషి ఉండి నడిచి రావడం నాకప్పుడు ఎంత బాగుందో. నువ్వు నాకు థాంక్సు చెప్పడమేంటి చెల్లెమ్మా."

మడతల వదిన నమలడం ఆపేసింది. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుని, ఫోను తీసింది. "అన్నా, మీ ఫోనులో బొమ్మలు రావుగా. వినండి. ఇవన్నీ మీకు వచ్చినవే," అని చదవడం మొదలుపెట్టింది. ఫోటోలు తీసేది ఎవరండీ అని ఎవరో టీచరు. ఆవిణ్ణి ఇంత ప్రేమగా చూసే ఆ మనిషెవరో నాకు తెలియాలి అని ఒక నర్సు. ఆయనకి నా నమస్కారం చెప్పండి, నేను రోజూ బస్సులో టిక్కెట్లు కొట్టేముందు ఈ ఫోటో చూసి కాలరు సరిచేసుకుంటాను అని ఒక కండక్టరు. వదిన చదువుతూనే ఉంది. ఆమె మిషను తొక్కుతూనే ఉంది. బనీనుతో కుర్చీలో కూర్చున్న గేటన్న ఒక్కొక్కదానికీ, ఎదురుగా ఆ మనిషే ఉన్నట్టు, చిన్నగా తలూపుతున్నాడు.

చేతులు విప్పి, భుజాలు కత్తిరించి, మళ్ళీ ఎక్కించి, పక్కలు కుట్టి, కాలరు గుండీ లోపలికి జరిపి, మిగిలిన గుడ్డ తీసేసి, కుట్లు ఒకసారి ఇస్త్రీపెట్టెతో అణిచేసరికి ఒంటిగంటకి రెండు నిమిషాలుంది. ఆయన వేసుకున్నాడు. ఆమె కాలరు సర్ది వెనక్కి జరిగింది.

అది వేరే మనిషి. సన్నటి, నిటారైన, ఇంకా నల్లటి కనుబొమలున్న మనిషి. ఇన్నాళ్ళూ ఖాకీ లోపల ఎవరికీ కనపడకుండా ఈయన ఉన్నాడా అని ఆడవాళ్ళిద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఆయన మాత్రం కిటికీ అద్దంలో తనను చూసుకుని, ఎందుకో ఛాతీ మీద అరచేయి పెట్టుకున్నాడు.

"ఒక్క ఫోటో," అంది ఆమె. "ఇవాళ కాదనకండి."

ఆయన కాదనలేదు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి ఒక కన్ను మూసింది. తీరా చూసుకుంటే తను కూడా మోకాళ్ళ దగ్గరే ఆపింది.

"ఊపిరి పీల్చి వదిలెయ్యండి అన్నయ్యా."

ఒంటిగంట బెల్లు మోగింది. ఆమె, వదిన రోలరు దగ్గరికి పరుగెత్తారు. వీడ్కోలు అని విడిగా ఏమీ చెప్పుకోలేదు. మధ్యాహ్నం ఆపరేషన్ వార్డు దుప్పట్లు వచ్చాయి, ఊపిరి సలపని పని. రెండు దాటాక పక్క కిటికీలోంచి గేటు దారి మీద ఆకుపచ్చగా ఏదో కదిలింది. ఆయనే. చేతిలో ఒక సంచి. వెనుదిరిగి చూడకుండా, తొందరపడకుండా నడుస్తున్నాడు. భుజం కుట్టు సరిగ్గా భుజం మీద కూర్చుంది. చెయ్యి ఊపినా పీకడం లేదు. ఆమెకు కళ్ళు నిండాయి, ఆ వెంటనే ఎందుకో నవ్వొచ్చింది, ఎంత మంచి రోజు అనిపించింది.

"దుప్పటి!" అని అరిచింది వదిన.

ఆమె వేడి దుప్పటి మూలలు అందుకుంది. మూలా మూలా కలిపి అడుగు దగ్గరికి వేసినప్పుడు వదిన మెల్లగా, "రేపణ్ణుంచి ఫోటో నేను తీస్తాలే. నాకు చెయ్యి వణుకుతుంది, సర్దుకో," అంది. ఆమె తలూపింది. మళ్ళీ కిటికీలోంచి చూసేసరికి దారి ఖాళీగా ఉంది.

రెండున్నరకి షిఫ్టు అయ్యాక, తాళంచెవి తిరిగి ఇచ్చేముందు ఆమె కుట్టుగదిలోకి వెళ్ళింది. దారాలు ఊడ్చింది. మిషను మీద గుడ్డ కప్పింది. చెత్తబుట్ట దగ్గరికి లాక్కుని, బల్ల వైపు చెయ్యి చాపి, అక్కడే ఆగిపోయింది.

బల్ల మీద, ఆ చొక్కా పక్కల్లోంచి తీసేసిన రెండు లేతాకుపచ్చ పీలికలు పక్కపక్కనే పొడుగ్గా పడి ఉన్నాయి, ఒకదాని అంచున సుద్దగీత ఇంకా చెరగలేదు.